లైకులు వస్తున్నాయి, టైములు రావట్లేదు: పల్లెవెలుగు బస్సుల సైటు చుట్టూ మనుషుల్ని కూడగట్టడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కనిగిరి, పొదిలి, దర్శి చుట్టుపక్కల ఊళ్లకు తిరిగే పల్లెవెలుగు బస్సుల టైములు చూపించే సైటు ముగ్గురు మిత్రులు కలిసి తయారుచేశారు. ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, టెలిగ్రామ్, యూట్యూబ్ అన్నీ ఒకేసారి తెరిచారు. పేజీకి ఆరేడు వందల లైకులు వచ్చాయి, కానీ టైములు పంపేవాళ్లు, తప్పులు దిద్దేవాళ్లు లేరు. ఇప్పుడు ఏం చేయాలి?

అకౌంట్లలో తప్పేమీ లేదు. లోపమంతా మీరు అడుగుతున్నదాంట్లో ఉంది. పోస్టులన్నీ "మా సైటు చూడండి, షేర్ చేయండి, ఆదరించండి" అన్న ధోరణిలోనే పెడుతున్నామని మీరే రాశారు. అలాంటి పోస్టుకు జనం చేయగలిగింది లైకు కొట్టడం ఒక్కటే, వాళ్లు అది చేశారు. మీ సైటుకు కావలసింది చూసేవాళ్లకన్నా ముందు చెప్పేవాళ్లు. ఒక ఊరి బస్సు టైము ఆ ఊరివాళ్లకే తెలుస్తుంది. కాబట్టి సోషల్ మీడియాతో మీకున్న పని ఒక్కటే: నిమిషంలో అయిపోయే చిన్న సాయం అడగాలి, వచ్చిన జవాబును సైటులో చేర్చాలి, చేర్చామని ఆ మనిషికి తిరిగి చూపించాలి. ఈ మూడూ ఒక్క రోజులో జరిగితే అదే మనిషి రెండోసారి కూడా చెబుతాడు. వారం పడితే ఇక చెప్పడు.

ముందు సైటులో సరిచేయాల్సినవి

వాట్సాప్‌లో మీ లింకు పెడితే కింద బొమ్మ, శీర్షిక కనిపిస్తున్నాయా? పేజీ మొత్తం బ్రౌజరులోనే తయారయ్యేలా రియాక్ట్ అనే జావాస్క్రిప్టు లైబ్రరీతో కట్టి ఉంటే కనిపించవు. ప్రివ్యూ కోసం వచ్చే వాట్సాప్, ఫేస్‌బుక్ బాట్లు జావాస్క్రిప్టును నడపవు, సర్వరు పంపిన హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న ఓపెన్ గ్రాఫ్ ట్యాగులనే (లింకు కింద ఏ శీర్షిక, ఏ బొమ్మ చూపించాలో చెప్పే గుర్తులు) చదువుతాయి. అందుకని ప్రతి ఊరి పేజీకీ శీర్షిక, వివరణ, బొమ్మ ట్యాగులు సర్వరు నుంచే రావాలి. బొమ్మ 1200×630 పిక్సెళ్లు, 300 కేబీ లోపు ఉండాలి. ట్యాగులు మార్చాక కూడా పాత ప్రివ్యూనే వస్తుంటే ఫేస్‌బుక్ షేరింగ్ డీబగ్గరులో ఆ లింకు వేసి మళ్లీ చదివించండి.

లింకులో తెలుగు అక్షరాలు వాడకండి. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు. లింకును కాపీ చేసినప్పుడు ఆ ఒక్కటీ తొమ్మిది అక్షరాలవుతుంది. గుణింతపు గుర్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి, కాబట్టి "పొదిలి" అన్న చిన్న పేరే 54 అక్షరాల గజిబిజి అవుతుంది. అలాంటి లింకును వైరస్ అనుకుని ముట్టుకోనివాళ్లు చాలామంది. ఊరి పేరు ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టండి. సైటులో వెతికేచోట మాత్రం రెండు లిపులూ పనిచేయాలి, ఎందుకంటే మీ వాడుకరుల్లో ఎక్కువమంది తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేస్తారు. పైగా ఒకే ఊరి పేరును మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఆ రకాలన్నీ ఊరి పేరుకు మారుపేర్లుగా డేటాబేసులో చేర్చుకోండి.

టైము పంపడానికి లాగిన్ అడుగుతున్నట్టయితే ఇవాళే తీసేయండి. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో లింకు నొక్కినవాళ్లకు సైటు ఆ యాప్ లోపలి బ్రౌజరులోనే తెరుచుకుంటుంది. అలాంటి బ్రౌజరులో గూగుల్ లాగిన్‌ను గూగులే ఒప్పుకోదు, ఎర్రర్ చూపిస్తుంది. అది మీ తప్పు కాదని వాళ్లకు తెలియదు, మూసేసి వెళ్లిపోతారు. ఎస్ఎంఎస్ ఓటీపీ పెడదామంటే మన దేశంలో డీఎల్‌టీ రిజిస్ట్రేషను (వ్యాపార ఎస్ఎంఎస్‌లు పంపేవాళ్లు టెలికాం కంపెనీల దగ్గర చేసుకునే నమోదు), మెసేజి టెంప్లేట్ల అనుమతి, ఒక్కో మెసేజికి ఖర్చు ఉంటాయి. ముగ్గురు నడిపే సైటుకు అది అనవసరపు బరువు. మూడు గడులున్న ఫారం చాలు: ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎన్నింటికి, ఎలా తెలుసు. ఆ మూడో గడిలో "నేను ఎక్కాను", "బోర్డు మీద చూశాను", "ఎవరో చెప్పారు" అని మూడు ఎంపికలివ్వండి. తర్వాత ఏ టైమును ఎంత నమ్మాలో తేల్చుకోవడానికి ఇదే ఆధారం.

ఒక్క రూటుతో మొదలుపెట్టండి

జిల్లా మొత్తం టైములు పంపమంటే ఎవరూ పంపరు, అది ఎవరి ఊరినీ తాకదు కాబట్టి. ఒక్క రూటు తీసుకోండి. నైట్ హాల్ట్ బస్సు ఉన్న రూటైతే మరీ మంచిది. రాత్రి ఊళ్లోనే నిలబడి తెల్లవారుజామున బయలుదేరే ఆ బస్సే ఆ ఊరికి ఆఖరి బస్సు, మొదటి బస్సు కూడా. అది తప్పితే షేర్ ఆటోకో, ఎవరి బండి వెనకో ఎదురుచూడాలి. కాలేజీ పిల్లల నుంచి ఆస్పత్రికి వెళ్లొచ్చే ముసలివాళ్ల దాకా అందరికీ ఆ టైముతో పని ఉంటుంది, అందరికీ అది నోటికి వచ్చి ఉంటుంది.

టైముతోపాటు సర్వీసు రకం కూడా తప్పకుండా అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి సర్వీసుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. సూపర్ లగ్జరీ లాంటివాటికి లేదు. "ఆరున్నరకు వచ్చేది ఏ బస్సు?" అన్నది ఇప్పుడు రోజూ అడిగే ప్రశ్న. దానికి జవాబు మీ దగ్గర ఉంటే, ఇప్పటిదాకా ఆర్టీసీ సైటు తప్ప ఇంకేదీ తెరవనివాళ్లు కూడా మీ దగ్గరికొస్తారు.

మొదటి లక్ష్యం పెద్దది పెట్టుకోకండి. ఒక రూటు మీద ఉన్న పది పన్నెండు ఊళ్ల నుంచి ముప్పై మంది తలా ఒక టైము చెబితే చాలు. ఆ ముప్పై మందిలో మళ్లీ మళ్లీ చెప్పేవాళ్లు ముగ్గురో నలుగురో తేలతారు. వంద మంది ఉంటే తొంభై మంది చూసేవాళ్లు, తొమ్మిది మంది అప్పుడప్పుడు చేసేవాళ్లు, ఒకరు గట్టిగా పట్టుకునేవాళ్లు అనే ఉరామరి లెక్క ఇంటర్నెట్‌లో చాలాకాలంగా వాడుకలో ఉంది. చిన్న ఊరి గ్రూపుల్లో పాలుపంచుకునేవాళ్లు ఇంకొంచెం ఎక్కువే ఉంటారు, అడిగినవాళ్లు తెలిసినవాళ్లు కాబట్టి.

ఎక్కడ అడగాలి

ఎక్స్‌ను వదిలేయండి. ఈ పనికి కావలసినవాళ్లు అక్కడ లేరు. పేరు ఇంకొకరు తీసుకోకుండా అకౌంటు ఉంచుకుంటే చాలు. ఇన్‌స్టాగ్రామ్ కాలేజీ పిల్లలను చేరడానికి పనికొస్తుంది కానీ అక్కడ క్యాప్షనులో పెట్టిన లింకు నొక్కడానికి వీలుండదు. బయోలోనో, స్టోరీలో లింకు స్టిక్కరుగానో పెట్టాలి. యూట్యూబ్ షార్ట్స్‌లో కూడా కామెంట్లలో, వివరణలో పెట్టే లింకులు పనిచేయవు.

అసలు పని జరిగేది ఊరి వాట్సాప్ గ్రూపుల్లో. ఆ తర్వాత ఆ ప్రాంతపు ఫేస్‌బుక్ గ్రూపుల్లో. మీ పేజీలో కాదు. పేజీ పోస్టు మీ లైకుల్లో కొద్దిమందికే చేరుతుంది. గ్రూపు పోస్టుకు ఒక్క కామెంటు పడితే మళ్లీ పైకొస్తుంది.

ఊరి గ్రూపులోకి మీరు నేరుగా చొరబడకండి. ఆ గ్రూపులో ఇప్పటికే ఉన్న మనిషి ఒకరు అడగాలి. జిరాక్స్ షాపు అతను, స్కూలు టీచరు, బ్రాంచి పోస్టుమాస్టరు, బస్టాండు దగ్గర టీ కొట్టు ఆయన, ఇలాంటి ఒకరితో ముందు ఫోనులో మాట్లాడి, పోస్టు వాళ్ల మాటల్లోనే పెట్టమనండి. తెలియని నంబరు నుంచి వచ్చిన లింకు కన్నా "మన ఊరి బస్సు టైము తప్పుగా ఉందంట, ఎవరైనా చూసి చెప్పండయ్యా" అన్న ఊరివాడి మాటకు జవాబులు వస్తాయి.

మీ సొంత గ్రూపు విషయంలో ఒక జాగ్రత్త. మామూలు వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు, కానీ ప్రతి ఒక్కరి నంబరూ అందరికీ కనిపిస్తుంది. కాలేజీకి వెళ్లే అమ్మాయిలు ఉన్న బస్సుల గ్రూపులో ఇది నిజమైన ప్రమాదం. ముక్కూమొహం తెలియనివాళ్ల మెసేజీలు రెండు వచ్చాయంటే వాళ్లు వెళ్లిపోతారు, తమ స్నేహితులనూ రావద్దంటారు. అందుకని జనాలకు టైములు చెప్పడానికి వాట్సాప్ ఛానెల్ వాడండి, ఫాలోవర్ల నంబర్లు ఒకరివొకరికి కనబడవు. కమ్యూనిటీలోని ప్రకటనల గ్రూపు కూడా ఇలాంటిదే, అయితే దాని కింద ఉన్న గ్రూపుల్లో చేరితే మాత్రం నంబరు బయటపడుతుంది. జనం మీకు చెప్పడానికి విడిగా ఒక వాట్సాప్ బిజినెస్ నంబరు పెట్టండి. ఒక ఫోనుకు నాలుగు పరికరాలు జతచేయవచ్చు కాబట్టి ముగ్గురూ అదే నంబరు చూసుకోవచ్చు. తరచూ పంపే జవాబులను క్విక్ రిప్లైలుగా పెట్టుకోండి. ఏ రూటు మెసేజిని ఆ రూటు లేబుల్ కింద చేర్చుకుంటే ఏదీ జారిపోదు.

చర్చ బాగా జరగాలంటే టెలిగ్రామ్ మేలు. కొత్తగా చేరినవాళ్లకు పాత మెసేజీలు కనిపించేలా పెట్టొచ్చు, రూటుకొక టాపిక్ చేయవచ్చు. కానీ ఊళ్లో అందరి ఫోనులోనూ అది ఉండదు. కాబట్టి టెలిగ్రామ్‌ను మీ పనివాళ్ల కోసం ఉంచుకోండి.

పోస్టు ఎలా ఉండాలి

ఖాళీ ఉన్న పట్టికను చూస్తే తెలిసినవాళ్లు ఊరుకోరు. పొదిలి బస్టాండు నుంచి ఒక ఊరికి వెళ్లే అయిదు ట్రిప్పుల్లో నాలుగు టైములు రాసి, అయిదోదాని దగ్గర ప్రశ్న గుర్తు పెట్టండి. కింద ఒకే ఒక్క ప్రశ్న: "రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికి? తెలిసినవాళ్లు టైము ఒక్కటి చెప్పండి." రెండు ప్రశ్నలు అడిగితే జవాబులు తగ్గుతాయి. లింకును మొదటి పోస్టులో పెట్టకుండా, జవాబు వచ్చాక "చేర్చాం, ఇదిగో మీ ఊరి పేజీ" అంటూ అదే కామెంటు కింద ఇవ్వండి. లింకు హోమ్ పేజీకి కాకుండా ఆ ఊరి పేజీకే వెళ్లాలి.

కావాలని తప్పు టైము పెడితే జనం దిద్దడానికి ఎగబడతారని కొందరు సలహా ఇస్తారు. బస్సుల విషయంలో ఆ పని ఎప్పుడూ చేయకండి. ఆ బొమ్మను ఎవరో ఫార్వర్డ్ చేస్తారు. వాట్సాప్‌లో మీ మెసేజిని 15 నిమిషాల్లోపు దిద్దగలరేమో కానీ ఫార్వర్డ్ అయిన బొమ్మ మీ చేతిలో ఉండదు. అది చూసి ఎవరో రాత్రి ఎనిమిదింటికి బస్టాండులో నిలబడతారు. అదే కారణంగా ప్రతి బొమ్మ మీద "సరిచూసిన తేదీ" పెద్ద అక్షరాల్లో ఉండాలి.

బొమ్మ 1080×1350 పిక్సెళ్లలో చేసుకుంటే ఫోనులో నిండుగా కనిపిస్తుంది. అందులో అక్షరం 40 పిక్సెళ్లకు తగ్గకూడదు. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, చదవడానికి బాగుంటాయి. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతుంటే దక్షిణాసియా లిపుల కంపోజరు (అక్షరాలను సరిగ్గా కూర్చే సెట్టింగు) ఆన్ చేయలేదని అర్థం. అంతకన్నా సులువు, పట్టికను మీ సైటులోనే ఒక పేజీగా చేసి దాన్ని స్క్రీన్‌షాట్ తీయడం. బొమ్మలో ఉన్న టైములనే పోస్టులో అక్షరాలుగా కూడా రాయండి, లేకపోతే గ్రూపులో వెతికినప్పుడు దొరకవు.

ఎప్పుడు పెట్టాలన్నది బస్సు ఎక్కేవాళ్ల రోజును బట్టి చూసుకోండి. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర మధ్య ఊరి గ్రూపులు చదువుతారు, జవాబు రాసే తీరిక అప్పుడే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం హాస్టళ్లకు తిరిగి వెళ్లేవాళ్లు టైములు వెతుక్కుంటారు. అప్పుడు అడగడం మానేసి, ఆ సాయంత్రపు బస్సుల పట్టిక ఇవ్వండి. వారానికి రెండు అడిగే పోస్టులు, ఒక ఇచ్చే పోస్టు సరిపోతాయి. రోజూ అడుగుతుంటే గ్రూపు అడ్మినే మిమ్మల్ని తీసేస్తారు.

వచ్చిన టైముతో ఏం చేయాలి

బస్టాండు బోర్డు ఫోటో పంపమని అడిగినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నాణ్యత తగ్గుతుంది, అందులోని తేదీ, లొకేషను వివరాలు కూడా పోతాయి. అంకెలు చదవడానికి వీలుండదు, ఎప్పటి బోర్డో తెలియదు. హెచ్‌డీలో పంపమనండి. ఏ బస్టాండు, ఏ రోజు తీశారన్నది కింద టైపు చేయమనండి. బోర్డు మీద ఉన్నదంతా నిజమని కూడా అనుకోకండి. రద్దయిన ట్రిప్పు బోర్డు మీద చాలాకాలం అలాగే ఉంటుంది.

ఒక టైమును ఇద్దరు వేర్వేరు మనుషులు, అందులో ఒకరైనా స్వయంగా ఎక్కినవాళ్లు, చెప్పినప్పుడే "సరిచూసినది" అని చూపించండి. అప్పటిదాకా "ఒకరు చెప్పారు" అని రాయండి. 60 రోజులుగా ఎవరూ ధ్రువీకరించని టైము బూడిద రంగులోకి మారి, పక్కన "ఇది ఇంకా నడుస్తోందా?" అన్న అవును, కాదు బటన్లు రావాలి. ఈ రెండు బటన్లే ఫారం నింపే ఓపిక లేనివాళ్లను కూడా మీ పనిలోకి తెస్తాయి.

పేరు చూపించే విషయంలో జాగ్రత్తపడాలి. చెప్పినవాళ్ల పేరు సైటులో కనిపిస్తే వాళ్లకు సంతోషం, నిజమే. కానీ "ఉదయం 6:10 బస్సు" పక్కన ఒక అమ్మాయి పేరు రాస్తే, ఆమె రోజూ ఏ టైముకు ఎక్కడ నిలబడుతుందో ఊరందరికీ చెప్పినట్టే. అందుకే పేర్లను టైము పక్కన కాక, ఊరి పేజీ అడుగున "ఈ పేజీకి సాయం చేసినవారు" అని ఒకచోట, అడిగి, ఒప్పుకున్నవాళ్లవి మాత్రమే పెట్టండి. కండక్టర్లు, డ్రైవర్లు చెప్పిన సమాచారానికి పేరూ ఫోటో వద్దు, వాళ్ల ఉద్యోగానికి ఇబ్బంది రావొచ్చు. పంపినవాళ్ల నంబర్లు గూగుల్ షీటులో పెట్టి పదిమందికి తెరిచి ఇవ్వకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఇలాంటి వివరాలను కాపాడే బాధ్యతను సేకరించినవాళ్ల మీదే పెట్టింది.

మీ తర్వాత వరుస మనుషులు

ఎవరైనా మూడుసార్లు సరైన టైములు పంపారంటే వాళ్లకు ఫోను చేసి, ఆ రూటును చూసుకుంటారా అని అడగండి. ఈ పిలుపు పోస్టులో పెట్టకూడదు, విడిగా మాట్లాడాలి. ఒప్పుకుంటే ఆ రూటుకు నేరుగా దిద్దే అనుమతి ఇవ్వండి. ఏ మార్పునైనా వెనక్కి తీసుకునే వీలు సైటులో ఉంటే భయపడాల్సిన పని లేదు. ఇలాంటివాళ్లు పది పదిహేను మంది అయితే వాళ్లకో చిన్న గ్రూపు పెట్టండి. మీరు వెతుకుతున్న కమ్యూనిటీ నిజానికి ఈ పదిహేను మందే. పేజీ రేపు బ్లాక్ అయినా సైటు నడిచేది వీళ్లతోనే.

రూటుకు ఇద్దరు ఉండాలి: ఒక విద్యార్థి, ఊళ్లోనే స్థిరంగా ఉండే ఒకరు. విద్యార్థులు చురుగ్గా ఉంటారు కానీ ఏప్రిల్, మే నెలల్లో పరీక్షలు అయిపోగానే ఊరు మారిపోతారు. ఒక్కరి మీదే ఆధారపడిన రూటు ఆ వేసవిలోనే పాతబడుతుంది.

ఎక్కువమంది మీ వైపు చూసే రోజులు పండగలు. సంక్రాంతికి, శివరాత్రి నాడు కోటప్పకొండకు ప్రత్యేక బస్సులు నడిపినప్పుడు ఊరి సర్వీసులు తగ్గుతాయి. "ఇవాళ మీ ఊరికి ఉదయం బస్సు వచ్చిందా?" అన్న ఒక్క ప్రశ్నకు ఆ రోజు వచ్చినన్ని జవాబులు మామూలు నెలలో రావు. పండగకు వారం ముందే ఆ పోస్టు సిద్ధం చేసుకుని, ఆ రోజు ముగ్గురిలో ఎవరు ఎన్నింటి దాకా జవాబులు చూస్తారో పంచుకోండి. ఆ రోజు వచ్చిన సమాచారాన్ని మామూలు టైముల్లో కలపకండి, "ఈ రోజుకు మాత్రమే" అని విడిగా చూపించండి.

చెడిపోయే చోట్లు

ఒకే లింకును ఒకే రోజు పది ఫేస్‌బుక్ గ్రూపుల్లో పెడితే స్పామ్‌గా పట్టుకుని పోస్టులు ఆపేస్తారు. రోజుకు ఒకటి రెండు గ్రూపులు, ప్రతిచోటా ఆ ఊరి సంగతితో. అనుమతి అడగకుండా జనాన్ని వాట్సాప్ గ్రూపుల్లో చేర్చడం, బల్క్ మెసేజీల సాఫ్ట్‌వేరు వాడడం నంబరు నిషేధానికి దారి తీస్తాయి. ఆ నంబరు పోతే జనం మీకు చెప్పే దారే పోతుంది.

ఆర్టీసీ లోగో వాడకండి. ప్రతి పేజీలో, ప్రతి అకౌంటు వివరణలో ఇది ప్రయాణికులు నడిపే సైటని, అధికారికం కాదని రాయండి. బస్టాండు గోడకు క్యూఆర్ కోడు అంటించాలంటే డిపో అనుమతి కావాలి. పక్కన టీ కొట్టులో అయితే యజమాని సరేనంటే చాలు. కోడు కనీసం మూడు సెంటీమీటర్లు ఉంటే జానెడు దూరం నుంచి స్కాన్ అవుతుంది. లింకు పొట్టిగా ఉంటే గడులు తక్కువై పాత ఫోన్లు కూడా పట్టుకుంటాయి.

గ్రూపులో ముందు బస్సు ఆలస్యం మీద ఫిర్యాదు వస్తుంది. తర్వాత డ్రైవరును తిట్టడం, ఆ తర్వాత ప్రభుత్వాన్ని తిట్టడం, అటునుంచి పార్టీల గొడవ. మూడో మెసేజి దగ్గరే ఆపాలి. ఫిర్యాదులకు ఆర్టీసీ హెల్ప్‌లైన్ వివరాలు క్విక్ రిప్లైగా ఇచ్చి, "ఇక్కడ టైములు మాత్రమే" అన్న నియమాన్ని పైన పిన్ చేయండి. రాజకీయాలు, హీరోల అభిమానుల వాదాలు, అమ్మకాల ప్రకటనలు వద్దని ముందే రాసి ఉంటే తీసేసినప్పుడు ఎవరూ నొచ్చుకోరు.

ఇక లెక్కలు. వాట్సాప్ నుంచి వచ్చినవాళ్లు ఎనలిటిక్స్‌లో (సైటుకు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చూపే లెక్కలు) చాలావరకు "డైరెక్ట్" కింద కలిసిపోతారు, కాబట్టి ఒక్కో గ్రూపుకు పెట్టే లింకు చివర వేరే యూటీఎం ట్యాగు, అంటే ఏ గ్రూపు నుంచి వచ్చారో చెప్పే గుర్తు, తగిలించండి. వారానికి మూడు అంకెలు రాసుకుంటే చాలు: కొత్తగా టైము చెప్పినవాళ్లెందరు, మళ్లీ చెప్పినవాళ్లెందరు, సరిచూసిన టైములెన్ని. రెండో అంకె ఆరు వారాలపాటు సున్నాగానే ఉంటే డబ్బు పెట్టి పోస్టులను బూస్ట్ చేయకండి. అది మీకు ఇంకొన్ని లైకులు తెస్తుంది, అంతే. అప్పుడు చూడాల్సింది మీరు జవాబిస్తున్న వేగం. మెసేజి వచ్చిన గంటకూ, సైటులో మారిన గంటకూ మధ్య తేడా రాసి చూడండి. అది ఒక రోజు దాటుతుంటే కొత్త పోస్టులు ఆపి, ముందు పాత మెసేజీలన్నీ పూర్తిచేయండి. ఒక రోజు లోపే ఉండి కూడా ఎవరూ తిరిగి రావట్లేదంటే ఆ రూటుకు బస్సులు మరీ ఎక్కువో, ఆటోలు దండిగానో ఉండి టైము అవసరమే పడటం లేదు. రోజుకు మూడు నాలుగు ట్రిప్పులే ఉన్న ఇంకో రూటుకు మారండి.